కట్టు దాటి వేళ్లు చూశారా? పిల్లల రక్తనాళాల గురించి మీకు తెలుసా?

పిల్లాడు జామచెట్టు మీంచి పడ్డా, మిద్దె మెట్ల మీద జారినా, నాన్న బండి వెనక కూర్చుని చక్రంలో కాలు పెట్టినా ఇంట్లో అందరూ ముందు అడిగేది ఒక్కటే: ఎముక విరిగిందా? తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లోనూ ఇదే మాట, చీరాల పక్కన రామాపురం తీరంలోనూ ఇదే మాట. అడగాల్సిందే. కానీ దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: దెబ్బకు అవతల నెత్తురు ఆడుతోందా? ఎముకను ఒకరోజు ఆలస్యంగా సరిచేసినా అతుక్కుంటుంది. నెత్తురు పూర్తిగా ఆగిపోయిన కండకు మాత్రం సుమారు ఆరు గంటలే గడువు. ఆ గడువు చుట్టూ తిరిగే సంగతులు కొన్ని ఇవి. కొన్ని వింతగా ఉంటాయి, కొన్ని భయపెడతాయి. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇవి తెలిసి ఉండాలని నా కోరిక.

ఐదేళ్ల పిల్లలకు మోచెయ్యే ఎందుకు విరుగుతుంది?

జబ్బ ఎముక మోచేతి దగ్గరకొచ్చేసరికి ముందొక గుంట, వెనకొక గుంటతో బాగా పలుచబడుతుంది. ఐదు నుంచి ఏడేళ్ల వయసులో పిల్లలు పడేటప్పుడు చెయ్యి చాపుతారు, బరువంతా ఆ పలుచటి చోట పడుతుంది. పిల్లల మోచేతి విరుగుళ్లలో సగానికి పైగా ఇక్కడివే.

విరిగిన పైముక్క మొన చాలాసార్లు ముందుకు పొడుచుకొస్తుంది. ముంజేతికీ అరచేతికీ నెత్తురు తీసుకెళ్లే పెద్ద ధమని సరిగ్గా అక్కడే ఉంది, దాని పక్కనే ఒక ముఖ్యమైన నరం. ఆ మొన మీద ధమని సాగిపోవచ్చు, ఎముక ముక్కల మధ్య ఇరుక్కోవచ్చు, లోపలి పొర చిట్లవచ్చు, అరుదుగా తెగిపోనూ వచ్చు. పిల్లల ధమనులకు ఇంకో గుణం ఉంది: చిన్న దెబ్బకే బిగుసుకుపోయి సన్నబడతాయి. అందువల్ల నాడి దొరకనప్పుడు నాళం తెగిందా, బిగుసుకుందా అన్నది పైనుంచి చూసి చెప్పడం అనుభవం ఉన్న డాక్టరుకైనా కష్టమే.

ఇలాంటి చేతుల్లో రెండు రకాలుంటాయి. మొదటి రకంలో మణికట్టు దగ్గర నాడి దొరకదు, కానీ అరచెయ్యి వెచ్చగా, గులాబి రంగులో ఉంటుంది. మోచేతి చుట్టూ ఉన్న చిన్న చిన్న నాళాలు పక్కదారుల్లో నెత్తురు అందిస్తున్నాయన్నమాట. రెండో రకంలో నాడీ ఉండదు, చెయ్యీ తెల్లగా, చల్లగా ఉంటుంది. రెండింటికీ మొదటి వైద్యం ఒక్కటే. మత్తు ఇచ్చి, ఎముకను వెంటనే సరిచేసి, సన్నటి తీగలు గుచ్చి నిలబెడతారు. ఎముక తన చోటికి వెళ్లగానే చాలామంది పిల్లల్లో నాడి తిరిగి వచ్చేస్తుంది. చెయ్యి గులాబిగానే ఉండి నాడి మాత్రం రాకపోతే ఆసుపత్రిలోనే ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూస్తారు. ఎముక సరిచేశాక కూడా చెయ్యి తెల్లగా ఉందంటే ఆలస్యం చెయ్యకూడదు. అక్కడే కోసి నాళాన్ని చూడాల్సిందే.

ఇంటి దగ్గర చెయ్యాల్సింది కొంచెమే. చేతిని లాగకూడదు, రుద్దకూడదు, మోచేతిని పూర్తిగా మడిచి మెడకు కట్టకూడదు. వాచిన మోచేతిని మడిస్తే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఏ వంపులో ఉందో ఆ వంపులోనే అట్టముక్కో మడిచిన పేపరో ఆసరా పెట్టి, వదులుగా చుట్టి, బయల్దేరడమే.

చేతులు కొంకర్లు పోవడం గురించి రాసిన డాక్టరు, పిల్లల కథలు కూడా రాశాడు

జర్మనీలో హాలె నగరపు శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్. బిగుతు కట్ల తర్వాత పిల్లల చేతివేళ్లు లోపలికి ముడుచుకుపోయి, మణికట్టు వంగిపోయి, ఇక జన్మలో విప్పుకోలేని స్థితికి రావడం ఆయన గమనించాడు. అది నరాల జబ్బు కాదనీ, నెత్తురు అందక కండ చచ్చిపోవడమనీ 1881లో వివరంగా రాశాడు. ఇవాళ్టికీ ఆ అవస్థను ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇదే మనిషి 1870-71 యుద్ధంలో సైనిక వైద్యుడిగా ఫ్రాన్సులో ఉన్నప్పుడు ఇంట్లో పిల్లల కోసం కథలు రాసి పంపేవాడు. రిచర్డ్ లేయాండర్ అన్న కలం పేరుతో అవి పుస్తకంగా వచ్చి జర్మనీలో తరాలపాటు చదివారు. పిల్లల చేతుల మీద అంత శ్రద్ధ ఆ మనిషికి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ కథల వల్ల నాకు కొంత అర్థమైంది.

ఫోల్క్‌మన్ చెప్పిన ఆ జబ్బులో భయంకరమైన సంగతి ఏమిటంటే, అది దాదాపు ఎప్పుడూ ఆపదగ్గదే. వేళ్లు ఒకసారి ముడుచుకుపోయాక ఎన్ని ఆపరేషన్లు చేసినా పూర్వపు చెయ్యి రాదు.

కీళ్ల దగ్గర కట్టు వదులుగా ఉండాలని సుశ్రుతుడే చెప్పాడు

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో కట్ల గురించి విడిగా ఒక అధ్యాయం ఉంది. బిగుతు, మధ్యస్థం, వదులు అని కట్లను మూడుగా చెప్పి, ఏ అవయవానికి ఏది పనికొస్తుందో విభజించాడు. తొడలకూ పిరుదులకూ బిగుతు కట్టు, చేతులకూ కాళ్లకూ మధ్యస్థం, కళ్లకూ కీళ్లకూ వదులు. మోచెయ్యి కీలే కదా! నెత్తురు ఆపడానికి నాలుగు పద్ధతులు కూడా ఆ గ్రంథంలోనే ఉన్నాయి: అంచులు దగ్గరకు చేర్చడం, గడ్డకట్టించడం, పచనం (గాయాన్ని పక్వానికి తేవడం), చివరికి కాల్చడం.

మన దగ్గర ఎముకల నాటువైద్యం అనగానే ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. పసరు, గుడ్డుసొన, వెదురుబద్దలతో వేసే ఆ కట్టు కోసం పక్క రాష్ట్రాల నుంచీ వస్తారు. దాని పేరు పెట్టుకుని ఊరూరా కట్లు వేసేవాళ్లున్నారు. ఎందరికో అతుకుతుంది, ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. అయితే పిల్లల మోచేతి విరుగుడు మాత్రం ఏ కట్టుకూ అప్పగించదగ్గది కాదని నా గట్టి అభిప్రాయం. మొదటి రెండు రోజులూ వాపు పెరుగుతూనే ఉంటుంది. పొద్దున సరిపోయిన కట్టు సాయంత్రానికి ఉరి అవుతుంది. ఆసుపత్రిలో వేసిన పిండికట్టుకూ ఇదే ప్రమాదం ఉంది. కట్టు వేసిందెవరన్నది కాదు, వేశాక వేళ్లు చూసిందెవరన్నదే ముఖ్యం.

చూడ్డం ఎలాగంటే, గోటిని ఐదు క్షణాలు నొక్కి వదలండి. తెల్లబడ్డ గోరు రెండు క్షణాల్లో మళ్లీ ఎరుపెక్కాలి. రెండు చేతుల వేళ్లనూ పట్టుకుని చూస్తే వెచ్చదనంలో తేడా ఉండకూడదు. మీ చేత్తో పిల్లాడి వేళ్లను మెల్లగా చాపండి. అంతకే కెవ్వుమన్నాడంటే కట్టు లోపల కండ బిగిసిపోతోందని అర్థం. తెల్లవారేదాకా ఆగకండి. కట్టును చర్మం కనబడేదాకా, లోపలి దూదితో సహా విప్పించాలి.

ఏడుపు కూడా పరీక్షే

పెద్దవాళ్లయితే నొప్పి ఎక్కడో, ఎలాంటిదో చెబుతారు. మూడేళ్ల పాప చెప్పలేదు. కట్టు లోపల ఒత్తిడి పెరుగుతోందని పిల్లల్లో పట్టుకోవడానికి డాక్టర్లు మూడు గుర్తులు చూస్తారు: నెమ్మది లేకుండా కదలడం, దిగులుగా బెదిరిపోవడం, నొప్పి మందు ఇంకా ఇంకా కావాల్సి రావడం. విరిగిన చెయ్యి రెండో రోజుకు కొంత తెరిపి ఇవ్వాలి. మందు ఇచ్చిన కొద్దీ ఏడుపు పెరుగుతోందంటే అది మొండితనం కాదు. ఒత్తిడి నిజంగా పెరిగిపోతే కండ మీది గట్టి పొరను పొడుగునా కోసి వదులు చేస్తారు. చూడ్డానికి పెద్ద గాయమే, కానీ ఆ కోత చెయ్యిని కాపాడుతుంది.

బాపట్ల నుంచి గుంటూరు దాకా ఆరు గంటల లెక్క

సాయంత్రం నాలుగింటికి పిల్లాడు పడ్డాడనుకుందాం. వాళ్ల నాన్న పొలం నుంచి వచ్చేసరికి ఐదు. ఊళ్లో ఎవరో కట్టు కడతారు, ఆరు. పట్నంలో ఎక్స్‌రే తీయించి, డాక్టరు వచ్చి చూసి, పెద్దాసుపత్రికి వెళ్లమనేసరికి ఎనిమిది. బాపట్ల, రేపల్లె, చీరాలల నుంచి గుంటూరుకు యాభై నుంచి డెబ్బై కిలోమీటర్లు, అంటే పదింటికి చేరతారు. ఆరు గంటలూ అక్కడే అయిపోయాయి, ఇంకా ఆపరేషన్ బల్ల ఎక్కలేదు. ఈ లెక్కలో ఎవరి తప్పూ విడిగా కనబడదు, అన్నీ కలిసి చెయ్యిని తీసేస్తాయి.

అందుకే మెట్లు తగ్గించుకోవాలి. చెయ్యి తెల్లబడినా, చల్లబడినా, నాడి దొరక్కపోయినా మధ్యలో ఆగకుండా ఎముకల డాక్టరూ మత్తు డాక్టరూ ఇద్దరూ ఉన్న చోటికే నేరుగా వెళ్లాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ ఇలాంటప్పటి కోసమే. ఫోన్‌లోనే “చెయ్యి చల్లబడింది, నాడి దొరకట్లేదు” అని ఆ రెండు ముక్కలూ చెప్పండి. తెనాలిలో ప్రభుత్వాసుపత్రి ఉంది. 1946లో పుట్టిన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం 2016లో ఆ సర్కారు ఆసుపత్రిలోనే గుండె మార్పిడి చేసింది. గుండె మార్పిడి అంటే పెద్ద రక్తనాళాలను కోసి మళ్లీ కలపడమే. ఇటు మంగళగిరిలో ఎయిమ్స్ కూడా వచ్చింది. బయల్దేరే ముందు ఫోన్ చేసి, సంబంధిత డాక్టరు ఆ పూట ఉన్నారో లేదో కనుక్కుంటే దారిలో ఒక గంట మిగులుతుంది.

పదికిలోల బిడ్డ ఒంట్లో నెత్తురెంత?

కిలో బరువుకు సుమారు 75 నుంచి 80 మిల్లీలీటర్లు. అంటే ఏడాది నిండిన పదికిలోల బిడ్డ ఒంట్లో మొత్తం 800 మిల్లీలీటర్లు కూడా మించదు. పెద్దవాళ్ల గాయంలోంచి పావులీటరు పోతే కళ్లు తిరుగుతాయేమో, అంతే. ఆ బిడ్డకు అది దాదాపు మూడోవంతు.

ఇంకా మోసం చేసే సంగతి బీపీ. పిల్లల ఒళ్లు గుండె వేగం పెంచుకుని, చర్మానికి వెళ్లే నాళాలను బిగించుకుని, నెత్తురులో దాదాపు మూడోవంతు పోయేదాకా బీపీని నిలబెట్టుకుంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. బీపీ బాగానే ఉందన్న మాట విని ఊరట చెందకూడదు. పాదాలు చల్లగా ఉండడం, ఒళ్లు పాలిపోవడం, గుండె దడదడలాడడం, బిడ్డ మందకొడిగా అయిపోవడం, ఇవే ముందు కనిపించేవి.

కాఫీపొడి నెత్తురు ఆపదు

పసుపు, కాఫీపొడి, పంచదార, బూడిద... గాయం మీద పోసేవి మన ఇళ్లల్లో చాలానే ఉన్నాయి. నాళం తెగి ఎర్రటి నెత్తురు చిమ్ముతున్నప్పుడు వీటిలో ఏదీ పనికిరాదు, పైగా తర్వాత కడిగే డాక్టరుకు అరగంట పని పెడతాయి. శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదు, కడుతున్న గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి పెట్టాలి. సముద్రపు ఒడ్డున ఇసుకలో కూరుకున్న సీసా పెంకో, కర్రముక్కో లోపల దిగి ఉంటే దాన్ని పీకకూడదు. నాళానికి పడ్డ కంతను అదే మూసి ఉంచి ఉండొచ్చు.

నొక్కినా ఆగకుండా, చెయ్యో కాలో నుజ్జయి ప్రాణం మీదికొస్తే మాత్రం గాయానికి పైన కట్టు బిగించాలి. సన్నటి తాడో తీగో వద్దు, నాలుగువేళ్ల వెడల్పు గుడ్డ కావాలి. ఎన్నింటికి కట్టారో రాసిపెట్టాలి, ఆసుపత్రి చేరేదాకా మధ్యలో విప్పకూడదు.

గేదెలున్న ఇళ్లల్లో గడ్డి కోసే చాఫ్‌కట్టర్ పిల్లల వేళ్లకు పెద్ద శత్రువు. వేలు తెగి పడితే దాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసునీళ్లలో పెట్టి తీసుకెళ్లాలి. ఐసుముక్క నేరుగా తగిలితే వేలు పాడవుతుంది. పండగపూట గాజుపొడి పూసిన గాలిపటాల మాంజాకు పిల్లల మెడలు కోసుకుపోతున్నాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దాన్ని దేశమంతటా నిషేధించింది. అయినా అమ్ముతున్నారు. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ ఊళ్లోనే నిలదీయాలి.

పైకి కనబడని రెండు దెబ్బలు

సైకిలు మీంచి పడినప్పుడు హ్యాండిల్ కొన గజ్జలో గుచ్చుకుంటుంది. పైన గుండ్రటి కమిలిన మచ్చ తప్ప ఏమీ ఉండదు, లోపల తొడ ధమని చిట్లి ఉండొచ్చు. ఆ కాలు రెండోదానికంటే చల్లగా ఉందా అని తడిమి చూడండి.

రెండోది నోట్లో వేపపుల్ల, పెన్సిలు, టూత్‌బ్రష్ పెట్టుకుని పరుగెత్తి పడ్డ పిల్లలది. అంగిట్లో చిన్న గాయమే కనిపిస్తుంది. దాని వెనకాలే మెదడుకు వెళ్లే ధమని ఉంది. దాని లోపలి పొర నలిగితే అక్కడ గడ్డకట్టి, ఒకటి రెండు రోజుల తర్వాత మెదడుకు నెత్తురు ఆగిపోవచ్చు. ఇది చాలా అరుదు. కానీ అలా పడ్డ పిల్లాడు మర్నాడు మగతగా ఉన్నా, ఒక చెయ్యి వాడటం మానేసినా, మూతి వంకరైనా ఆ పుల్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

పాము కాటుకు పిల్లలకీ పెద్దల డోసే

మన వరిపొలాల్లో రక్తపింజరి ఉంది. దాని విషం నెత్తురు గడ్డకట్టే గుణాన్ని పోగొడుతుంది, సన్నటి రక్తనాళాల గోడలనూ దెబ్బతీస్తుంది. గాటు లేని చోట కూడా నెత్తురు కారడం అందుకే. కాటుకు పైన తాడు బిగించి కట్టే అలవాటు ఇంకా పోలేదు. అది విషాన్ని ఆపదు, కాలికి వెళ్లే మంచి నెత్తురును ఆపుతుంది. కాలు కదలకుండా బద్దకట్టి, బిడ్డను నడిపించకుండా మోసుకుని తీసుకెళ్లాలి. ఆసుపత్రిలో రెండు మిల్లీలీటర్ల నెత్తురు గాజుగొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు లెక్క. ఇంత చవకైన పరీక్ష ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా చెయ్యొచ్చు.

మిగతా మందులు చాలావరకు పిల్లలకు బరువును బట్టి తగ్గించి ఇస్తారు, పాము విషానికి విరుగుడు మాత్రం తగ్గించరు. కారణం తేలికే. పాము మనిషి వయసు చూసి విషం వదలదు.

కుట్టుపని నేర్చుకుని నోబెల్ తెచ్చుకున్నాడు

చీరాల, వేటపాలెం నేత ఇళ్లవాళ్లకు ఇది నచ్చుతుంది. ఫ్రాన్సులో లియోన్ పట్టు నేతకు పేరు. అక్కడి యువ వైద్యుడు అలెక్సిస్ కారెల్, తెగిన నాళాన్ని ఎలా కలపాలో తెలుసుకోవడానికి లెరూడియే అనే కుట్టుపనిమంతురాలి దగ్గర సూదిపని నేర్చుకున్నాడు. గుండ్రటి నాళం అంచుకు మూడు చోట్ల దారాలు వేసి లాగితే అంచు త్రికోణమవుతుంది, అప్పుడు తిన్నగా కుట్టుకుంటూ పోవచ్చు. 1902లో ఆయన ఈ పద్ధతిని ప్రచురించాడు. 1912లో నోబెల్ వచ్చింది.

1908లో న్యూయార్కులో పుట్టిన కొద్దిరోజులకే ఒక పాపకు నెత్తురు ఆగకుండా పోసాగింది. పేరు మేరీ లాంబర్ట్, తండ్రి ఏడ్రియన్ లాంబర్ట్ కూడా శస్త్రవైద్యుడే. అప్పటికి అక్కడే పనిచేస్తున్న కారెల్ వచ్చి తండ్రి మణికట్టు ధమనిని పాప మోకాలి వెనక సిరకు నేరుగా కుట్టేశాడు. తండ్రి నెత్తురు బిడ్డలోకి పారింది. నెత్తురు గ్రూపులు సరిచూసే అలవాటు ఇంకా స్థిరపడని రోజులవి. అయినా పాప బతికింది. ఆ జబ్బుకు ఇప్పుడు అంత సాహసం అక్కర్లేదు, పుట్టగానే ఒక మిల్లీగ్రాము విటమిన్ కె సూదిమందు సరిపోతుంది. కాన్పు తర్వాత అది వేశారా అని అడగడం మాత్రం మరవకండి.

పూర్తిగా తెగిన చేతిని మళ్లీ అతికించి బతికించిన మొదటి విజయం కూడా ఒక పిల్లాడిదే. 1962 మే 23న అమెరికాలో బోస్టన్ దగ్గర పన్నెండేళ్ల ఎవరెట్ నోల్స్ గూడ్సు రైలు పట్టుకుని వేలాడబోయాడు, కుడిచెయ్యి భుజం దగ్గర తెగిపోయింది. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రోనాల్డ్ మాల్ట్ బృందం నాళాలు కలిపి నెత్తురు పారించింది. నరాల సంగతి నెలల తర్వాత చూసుకున్నారు. నెత్తురే ముందు, మిగతావి ఆగగలవు.

ధమని కట్టేస్తే కాలు బతకొచ్చు, ఎదగదు

రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న 2,471 ధమనుల లెక్కను అమెరికా శస్త్రవైద్యులు డిబేకీ, సిమియోన్ 1946లో ప్రచురించారు. నాళాన్ని ముడివేసి వదిలేసిన వాళ్లలో దాదాపు సగం మందికి అవయవం తీసెయ్యాల్సి వచ్చింది. కొరియా యుద్ధంలో నాళాలను కుట్టడం మొదలుపెట్టాక అది 13 శాతానికి తగ్గింది.

అది సైనికుల లెక్క. పిల్లల్లో పక్కదారులు బాగా తెరుచుకుంటాయి కాబట్టి తొడ ధమని మూసుకున్నా కాలు చాలాసార్లు బతుకుతుంది, గులాబిగానే కనిపిస్తుంది. కానీ ఎదుగుదలకు కావాల్సినంత నెత్తురు అందక, ఏళ్లు గడిచేకొద్దీ రెండో కాలికంటే పొట్టిగా మిగిలిపోవచ్చు. అందుకే కుదిరిన చోటల్లా నాళాన్ని కలపడానికే చూస్తారు. ఆ కుట్టూ వేరుగా ఉంటుంది. ఒకే దారంతో చుట్టూ కుడితే నాళం లావయ్యేటప్పుడు అక్కడ నొక్కుకుపోతుంది, కాబట్టి విడివిడి ముళ్లు వేస్తారు. మధ్యలో ముక్క పోతే బిడ్డ కాలి సిరనే తీసి, లోపలి కవాటాలు అడ్డుపడకుండా తిరగేసి కుడతారు.

రెండేళ్లలోపు పసివాళ్లలో ధమని దెబ్బల్లో ఎక్కువ భాగం ఆటల్లో తగిలినవి కావు, వైద్యంలో భాగంగా నాళంలోకి గొట్టం వేసినప్పుడు వచ్చినవి. నాలుగు కిలోల బిడ్డ తొడ ధమని రెండు మూడు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. బిడ్డ ప్రాణం కోసం వేసిన గొట్టమే ఒక్కోసారి దాన్ని మూసేస్తుంది. అలాంటప్పుడు కత్తి పట్టకుండా ముందు నెత్తురు గడ్డకట్టనివ్వని మందు హెపారిన్‌తో గడ్డ పెరగకుండా చూస్తారు, చాలామందికి అదే సరిపోతుంది. గుండె పరీక్షకో మరోదానికో గజ్జల్లోంచి గొట్టం వేయించుకున్న పిల్లలున్న ఇళ్లవాళ్లు ఆ కాగితాలు పారేయకూడదు. ఎత్తు పెరగడం ఆగేదాకా ఏడాదికోసారి రెండు కాళ్ల పొడవూ కొలిపించి, ఆ అంకెలను అదే కాగితం వెనక రాయించుకోవాలి.